పిల్లి పాదం వాచి కుంటుతోంది, ఒక ఇంజెక్షన్‌తో తగ్గి మళ్లీ మొదలైంది. ఇప్పుడేం చేయాలి?

నాలుగేళ్ల మగ పిల్లి, బయట తిరిగొచ్చే అలవాటుంది. మూడు రోజుల నుంచి ముందు కుడి కాలు కింద ఆనించడం లేదు, పాదం వాచింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అది చెయ్యి వెయ్యనివ్వలేదు, ఆయన బుట్టలో ఉండగానే ఒక ఇంజెక్షన్ చేసి పంపించారు. ఒక రోజు బాగానే నడిచింది, తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. అదే ఇంజెక్షన్ ఇంకోసారి చేయించాలా, ఎక్స్‌రే కావాలా, లేకపోతే మనుషులు వేసుకునే నొప్పి మాత్ర ఒక ముక్క ఇచ్చి ఇంకో నాలుగు రోజులు చూడొచ్చా? ఇదీ మీరడిగింది.

సూటిగా చెప్తాను. మాత్ర వద్దు, ముక్క కూడా వద్దు. నాలుగు రోజులు ఆగొద్దు. ఇవాళ, కుదరకపోతే రేపటికల్లా మళ్లీ తీసుకెళ్లండి. ఈసారి "ఇంజెక్షన్ వేయండి" అని కాకుండా "అవసరమైతే కొంచెం మత్తిచ్చి, పాదం మీది వెంట్రుకలు తీసేసి, వేళ్ల మధ్య, గోళ్ల మొదట్లో పూర్తిగా చూడండి" అని అడగండి. ఎక్స్‌రే కావాలో వద్దో చాలాసార్లు అలా చూశాకే తేలుతుంది. మీరు రాసినదాన్ని బట్టి నా మొదటి అనుమానం ఇంకో పిల్లి కరవడం వల్ల లోపల చీము పట్టి ఉంటుందని. అయితే ఇది అనుమానం మాత్రమే, చెయ్యి పెట్టి చూడని పాదం గురించి ఖాయంగా చెప్పేవాళ్లని నమ్మకండి, నాతో సహా.

నేను పిల్లులకీ కుక్కలకీ వైద్యం చేస్తాను, కుంటే పిల్లులు నా దగ్గరికి దాదాపు ప్రతి వారం వస్తాయి. వాటిలో చాలా వాటికి అప్పటికే ఎక్కడో ఒక ఇంజెక్షన్ పడి ఉంటుంది. ఆ ఇంజెక్షన్ వేసిన డాక్టర్‌ని నేను తప్పు పట్టను, గోళ్లు చాపి బుసకొడుతున్న పిల్లి పాదాన్ని పట్టుకుని వేళ్లు విడదీయడం ఎవరి వల్లా కాదు. కానీ అలాంటప్పుడు చేయాల్సింది మత్తిచ్చి చూడటం. చూడకుండా నొప్పి తగ్గిస్తే కుంటు ఆగుతుంది, కారణం అక్కడే ఉంటుంది, మందు ప్రభావం తగ్గగానే కాలు మళ్లీ పైకి లేస్తుంది. మీ దగ్గర జరిగింది సరిగ్గా ఇదే.

ముందు ఒక పని చేయండి. ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి, వేసిన ఇంజెక్షన్ పేరు, ఏ రోజు వేశారో అడిగి రాసి పెట్టుకోండి. చాలామంది ఇది పట్టించుకోరు. అది స్టెరాయిడ్ అయితే, దాని ప్రభావం ఉండగానే వేరే డాక్టర్ మెలోక్సికామ్ లాంటి నొప్పి మందు ఇస్తే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. పైగా స్టెరాయిడ్ వాపునీ జ్వరాన్నీ తగ్గించి చూపిస్తుంది, లోపల చీము మాత్రం పెరుగుతూనే ఉంటుంది. రెండో డాక్టర్‌కి ఈ సమాచారం లేకపోతే ఆయన చీకట్లో వైద్యం చేస్తున్నట్టే.

ఇక ఆ మాత్రల సంగతి. పారాసెటమాల్ పిల్లికి విషం. మన లివర్ ఆ మందుని ఏ దారిలో విరిచి బయటికి పంపుతుందో, పిల్లి లివర్‌లో ఆ దారి దాదాపు లేనట్టే. మందు విషపదార్థంగా మారి రక్తాన్ని ఆక్సిజన్ మొయ్యలేని స్థితికి తెస్తుంది, చిగుళ్లు గోధుమ రంగులోకి తిరుగుతాయి, మొహం, పాదాలు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పెద్ద పిల్లిని చంపడానికి సరిపోతుంది, ముక్క కూడా ప్రమాదమే. ఇప్పటికే ఇచ్చి ఉంటే లక్షణాలు కనబడేదాకా ఆగకుండా వెంటనే బయల్దేరండి. దీనికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, త్వరగా పడితేనే పని చేస్తుంది. ఇచ్చిన సంగతి డాక్టర్‌కి దాచొద్దు, తిడతారని భయపడి దాచేవాళ్లు ఉన్నారు, ఆ దాచడమే పిల్లి ప్రాణం మీదకి తెస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇదే లెక్క, అవి కిడ్నీల మీద పడతాయి. ఆస్పిరిన్ పిల్లి ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది. కుక్క కోసం తెచ్చిన నొప్పి మందు ఇంట్లో మిగిలి ఉంటే అదీ వద్దు, ఒకే పేరున్న మందైనా మోతాదు వేరు.

పిల్లికి నొప్పి ఎంత ఉందో మనకి తెలియకపోవడం ఇంకో సమస్య. తింటోంది కదా, గుర్రుగుర్రు అంటోంది కదా, కాబట్టి పెద్ద నొప్పేమీ లేదనుకుంటారు. పిల్లులు నొప్పిలో కూడా గుర్రుమంటాయి. అరవవు, మూలకెళ్లి పడుకుంటాయి. 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పిల్లి ముఖం చూసి నొప్పి అంచనా వేసే పద్ధతి ఒకటి ప్రచురించారు. చెవులు ఎలా ఉన్నాయి, కళ్లు ఎంత మూసింది, మూతి బిగుసుకుందా, మీసాలు నిటారుగా అయ్యాయా, తల భుజాల కంటే కిందికి వాలిందా, ఈ అయిదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు, మొత్తం పదికి 4 లేదా అంతకు మించితే నొప్పి మందు ఇవ్వాలని దాని లెక్క. ఇంట్లో మీరు మార్కులు వేయకపోయినా ఫర్వాలేదు, అది ప్రశాంతంగా కూర్చున్నప్పుడు ఒక ఫోటో, నడుస్తున్నప్పుడు ఒక వీడియో తీసి పెట్టుకోండి. వీడియో మరీ ముఖ్యం. క్లినిక్ బల్ల మీద భయంతో బిగుసుకుపోయిన పిల్లి కుంటి చూపించదు, కొన్నయితే దెబ్బ ఏమీ లేనట్టు నాలుగు కాళ్ల మీదా నిలబడతాయి.

చీము గడ్డ అని ఎందుకు అనుమానిస్తున్నానో చెప్తాను. బయట తిరిగే మగ పిల్లి, ముందు కాలు, ఒకటి రెండు రోజుల్లో వచ్చిన వాపు. పిల్లి కోర సూదిలా సన్నగా ఉంటుంది, లోతుగా దిగుతుంది, పైన పడిన చిన్న బొక్క త్వరగా పూడిపోతుంది. నోట్లోని పాశ్చురెల్లా లాంటి బ్యాక్టీరియా లోపలే ఉండిపోయి రెండు నుంచి అయిదు రోజుల్లో చీము పడుతుంది. ఇలాంటప్పుడు ఎక్స్‌రేలో వాపు తప్ప ఏమీ కనబడకపోవచ్చు. వెంట్రుకలు తీస్తే మాత్రం రెండు చిన్న పక్కులు పక్కపక్కనే కనబడతాయి. దానికి వైద్యం చీము బయటికి తీసి, కడిగి, గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచి, యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేయడం. చీము తీసిన ఒకటి రెండు రోజుల్లో పిల్లి తేడా చూపిస్తుంది, తిండికి వస్తుంది. చూపించకపోతే అప్పుడు ఎక్స్‌రే తప్పదు. చీము తియ్యకుండా యాంటీబయాటిక్ ఒక్కటే వేస్తూ పోతే, గడ్డ లోపలికి మందు సరిగా చేరదు, కోర్సు ఆపగానే తిరగబెడుతుంది.

టెంపరేచర్ చూడమని అడగండి, ఇంజెక్షన్‌కి ముందు. పిల్లికి మామూలు వేడి సుమారు 38.1 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, అంటే 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్. మనకి జ్వరం అనిపించే 101 దానికి మామూలే. చెవులు పట్టుకుని వేడిగా ఉన్నాయి, లేవు అని చెప్పడం కుదరదు. వాచిన పాదంతో పాటు 104 ఉంటే ఇన్ఫెక్షన్ వైపు ఎక్కువ మొగ్గుతాం. స్టెరాయిడ్ పడి ఉంటే మాత్రం జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు అనుకోలేం, మళ్లీ ఆ ఇంజెక్షన్ పేరు దగ్గరికే వస్తాం.

అయితే వాచిన పాదాలన్నీ చీము గడ్డలు కావు. నా దగ్గర చూసిన వాటిలో కొన్ని చెప్తాను, ఎందుకంటే వీటిలో చాలా వాటికి ఇంజెక్షన్‌తో ఎప్పటికీ తగ్గదు.

ఒక పిల్లికి పాదం మొత్తం ఉబ్బి, పైన ఏ గాయమూ లేదు. రెండు చోట్ల యాంటీబయాటిక్ వాడారు. వెంట్రుకలు తీస్తే మణికట్టు మీద చర్మంలో కూరుకుపోయిన దారం. ఆడుకుంటూ కాలికి చుట్టుకుంది, కింద వాపు పెరిగేకొద్దీ దారం ఇంకా బిగుసుకుంది. రబ్బరు బ్యాండ్లతో కూడా ఇలాగే అవుతుంది. బొచ్చు ఎక్కువున్న పిల్లిలో పైనుంచి ఎంత చూసినా కనబడదు, వేలితో చుట్టూ తడిమితే ఒక గాడిలా తగులుతుంది. ఆలస్యమైతే పాదానికి రక్తం అందక అది పోతుంది.

ముసలి పిల్లుల్లో గోళ్లు. అవి గోళ్లు గీరుకోవడం తగ్గించేస్తాయి, గోరు మందంగా పెరిగి గుండ్రంగా తిరిగి పాదం కింది మెత్తటి ప్యాడ్‌లోకి గుచ్చుకుంటుంది. పిల్లికి మామూలుగా 18 గోళ్లుంటాయి, ముందు ఒక్కో పాదానికి అయిదు, వెనక నాలుగు. ముందు పాదాల లోపలి వైపు కాస్త పైన ఉండే బొటనగోరు నేలకి తగలదు కాబట్టి అరగదు, సాధారణంగా అదే గుచ్చుకుంటుంది. గోరు కత్తిరించి బయటికి తీసి, రంధ్రం కడిగి, నొప్పి మందు ఇస్తే చాలావరకు కోలుకుంటాయి. విరిగి వేలాడుతున్న గోరు కూడా ఇంతే, అందులో నరం ఉంటుంది, ఇంట్లో పీకొద్దు.

ప్యాడ్ మెత్తబడి ఊదారంగులోకి తిరిగి, పైన సన్నటి తెల్లని గీతలతో గాలి తగ్గిన బంతిలా ఉంటే అది దెబ్బ కానే కాకపోవచ్చు. ప్లాస్మా సెల్ పోడోడెర్మటైటిస్ అని ఒక జబ్బు, రోగనిరోధక వ్యవస్థ తేడా వల్ల వస్తుంది, ఎక్కువగా మధ్యలో ఉండే పెద్ద ప్యాడ్‌కి, ఒకటి కంటే ఎక్కువ పాదాలకి వస్తుంది. డాక్సీసైక్లిన్ వారాల తరబడి వాడితే చాలా పిల్లులు బాగుపడతాయి. ఇలాంటి వాటికి, పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ అయిన ఎఫ్ఐవీ టెస్ట్ కూడా చేయించడం మంచిది. డాక్సీసైక్లిన్ అన్నాను కాబట్టి ఒక మాట: ఆ మాత్ర వేశాక వెంటనే కొంచెం నీళ్లు తాగించాలి, లేదా కాస్త తడి ఆహారం పెట్టాలి. పొడిగా గొంతులో ఇరుక్కుంటే ఆహారనాళం కాలి, మానేటప్పుడు సన్నబడిపోతుంది, ఆ తర్వాత పిల్లి ఏమీ మింగలేదు.

అన్నిటికంటే కష్టం అనిపించేది, పదేళ్లు దాటిన పిల్లికి ఏ దెబ్బా లేకుండా రెండు మూడు వేళ్లు, వేర్వేరు పాదాల్లో, వాచి గోళ్లు పక్కకి తిరగడం. అలాంటప్పుడు పాదం ఎక్స్‌రేతో పాటు ఛాతీ ఎక్స్‌రే కూడా తియ్యమంటాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ పిల్లుల్లో వేళ్లకి పాకుతుంది, దగ్గు లాంటివేమీ లేకుండా కుంటడమే మొదటి లక్షణం కావచ్చు. మీ పిల్లికి నాలుగేళ్లే, దీని గురించి టెన్షన్ పడొద్దు, ఇది చదివే వేరేవాళ్ల కోసం రాశాను. ఇలా వేలు వాచిందని వెంటనే వేలు తీసేయించుకున్నవాళ్లు నా దగ్గరికి తర్వాత వస్తుంటారు, ముందే ఛాతీ చూసి ఉంటే ఆ ఆపరేషన్ పిల్లికి తప్పేది.

ఇప్పుడు రేపటిదాకా కూడా ఆగకూడని పరిస్థితులు. వాహనం తగిలితే, ఎత్తు నుంచి పడితే, పాదం ఒక్కటే దెబ్బతిన్నట్టు కనిపించినా సరే వెంటనే వెళ్లాలి, ఎందుకంటే ఛాతీలో గాలి చేరడం, మూత్రాశయం పగలడం లాంటివి బయటికి కనబడవు. అలాంటి పిల్లికి కాలు ఆపరేషన్ అదేరోజు చేయలేదని కంగారు పడకండి, ముందు ఊపిరి, రక్తపోటు కుదుటపరచి ఒకటి రెండు రోజులాగి ఎముక సంగతి చూడటమే సరైన పద్ధతి. అయిదు నుంచి పది నిమిషాలు నొక్కి పట్టినా రక్తం ఆగకపోతే, ఎముక బయటికి కనబడితే, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే, మూత్రం పోయకపోతే కూడా అంతే. ఇంకోటుంది. ఉన్నట్టుండి గట్టిగా అరిచి, వెనక కాళ్లు రెండూ పడిపోయి, పాదాలు చల్లగా, ప్యాడ్స్ పాలిపోయి లేదా నీలంగా ఉంటే అది దెబ్బ కాదు, గుండె నుంచి వచ్చిన రక్తపు గడ్డ కాలికి వెళ్లే రక్తనాళాన్ని మూసేసింది. ఒక్కోసారి ఒక్క ముందు కాలికే వస్తుంది. "ఎక్కడో దూకి కాలు మడతపడి ఉంటుంది" అని ఆగితే పోయేది గంటలు. రెండు పాదాలూ పట్టుకుని చూడండి, ఒకటి ఐసులా చల్లగా ఉంటే బయల్దేరండి.

పాదం వెనక్కి మడిచి పైభాగం నేలకి రాస్తూ ఈడుస్తుంటే నరం దెబ్బతిని ఉండొచ్చు. ఇది కూడా ఎక్స్‌రేలో కనబడదు, వేలిని గట్టిగా నొక్కితే పిల్లికి తెలుస్తోందా లేదా అని డాక్టర్ పరీక్షించాలి. కాలు ముడుచుకోవడం ఒక్కటే చాలదు, పిల్లి తల తిప్పాలి, కోప్పడాలి, అప్పుడే స్పర్శ ఉన్నట్టు.

వెళ్లేలోపు ఇంట్లో చేయగలిగింది తక్కువే. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి నొక్కి పట్టుకోండి, ప్రతి అర నిమిషానికీ ఎత్తి చూడొద్దు. మట్టి ఉంటే సెలైన్‌తో కడగండి, లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, దాదాపు టీ చెంచాన్నర, కలిపి ధారగా పొయ్యండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, ఇంట్లో నేలకీ గాయాలకీ వాడే ఘాటు యాంటీసెప్టిక్ ద్రావణాలు వద్దు. డెట్టాల్ లాంటి వాటిలోని క్లోరోజైలినాల్ పిల్లికి పడదు, అది పాదం నాకుతుంది కాబట్టి పైన పోసిందంతా కడుపులోకే వెళ్తుంది. టీ ట్రీ ఆయిల్, పొడులు, మనుషుల ఆయింట్‌మెంట్లు కూడా అందుకే వద్దు. కాలితే పది ఇరవై నిమిషాలు మామూలు చల్లని నీటి ధార కింద పెట్టాలి, ఐసు వద్దు. గాయంలో పురుగులు పడితే టర్పెంటైన్ పొయ్యకండి, చర్మం కాలుతుంది, విషం ఎక్కుతుంది. పురుగులు తీయడానికి చాలా ఓపిక, చాలాసార్లు మత్తు కావాలి, క్లినిక్‌లోనే జరగాలి.

గుచ్చుకున్న ముల్లు కొన కనబడుతూ తేలిగ్గా వస్తే తీయండి, లోతుగా ఉంటే వదిలేయండి. గాజు ముక్క సాధారణంగా ఎక్స్‌రేలో కనబడుతుంది, ముల్లు, చెక్క పేడు కనబడవు. అందుకే "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్నంత మాత్రాన లోపల ఏమీ లేనట్టు కాదు.

మరి మీ ప్రశ్నలోని ఎక్స్‌రే ఎప్పుడు? పాదం పూర్తిగా చూశాక కూడా కారణం దొరకక కాలు అస్సలు మోపకపోతే, పట్టుకుంటే ఎముక కరకరమంటే, వేళ్లు వంకరగా ఉంటే, పడినట్టో వాహనం తగిలినట్టో తెలిస్తే, చీము తీసినా ఒకటి రెండు రోజుల్లో మార్పు లేకపోతే. తీసేటప్పుడు రెండు కోణాల్లో తియ్యాలి, ఒకటి పైనుంచి, ఒకటి పక్కనుంచి. ఒక్క కోణంలో ఎముక విరిగిన చోటు దాక్కోగలదు, పాదంలో ఎముకలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి మరీను. ఏడాది లోపు పిల్లి పిల్లలకైతే ఎముక పెరిగే చోటు సహజంగానే విరిగినట్టు గీతలా కనబడుతుంది, రెండో కాలు కూడా తీసి పోల్చుకోవాల్సి రావచ్చు.

అరిచేతి ఎముక ఒకటి విరిగితే చాలాసార్లు కట్టుతోనో, ఎముక కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్‌తోనో సరిపోతుంది. బరువు ఎక్కువగా మోసేది మధ్యలోని మూడో, నాలుగో ఎముకలు. అవి రెండూ విరిగినా, నాలుగూ విరిగినా, ముక్కలు దూరంగా జరిగినా ఆపరేషన్ మాట వస్తుంది. అప్పుడు డాక్టర్‌ని అడగండి: ఆపరేషన్ చేయకుండా కట్టుతో ఉంచితే ఏమవుతుంది, చేస్తే ఎన్ని వారాలు బోనులో ఉంచాలి, మీరు ఇలాంటివి చేస్తారా లేక ఎముకల సర్జన్ దగ్గరికి పంపిస్తారా. ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాట పడతారు, నన్ను అడిగితే మాత్రం నేను నొచ్చుకోను, చేసేవాళ్లెవరో చెప్తాను. పాదం బాగా నలిగిపోయి కాలు తీసేయాల్సి వస్తే కూడా అంతటితో లోకం ముగిసినట్టు కాదు, మూడు కాళ్లతో పిల్లులు ఎక్కుతాయి, దూకుతాయి. నెలల తరబడి మానని పాదంతో బాధపెట్టడం కంటే కొన్నిసార్లు అదే దయ.

కట్టు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దెబ్బ కంటే కట్టు వల్ల పాడైన పాదాలు నేను చూశాను. కట్టు చివర మధ్య రెండు వేళ్లు కనబడేలా కట్టమని అడగండి. రోజుకి రెండుసార్లు ఆ వేళ్లు చూడండి. మామూలుగా పక్కపక్కనే ఉండే ఆ రెండు గోళ్లు విడిపోయి దూరంగా జరిగితే లోపల వాపు పెరుగుతోందని అర్థం. వేళ్లు చల్లగా ఉన్నా, కట్టు తడిసినా, కిందికి జారినా, వాసన వచ్చినా, అప్పటిదాకా ఊరుకున్న పిల్లి హఠాత్తుగా కట్టుని కొరకడం మొదలుపెట్టినా అదేరోజు విప్పించాలి. "శుక్రవారం రమ్మన్నారు కదా" అని ఆగొద్దు. గాయం కారుతున్నన్నాళ్లు కట్టు రోజూ లేదా రోజు విడిచి రోజు మార్చాల్సి రావచ్చు. ఇంట్లో మళ్లీ మీరే కట్టకండి, సాగే బ్యాండేజ్ ఎంత బిగువుగా లాగుతున్నామో చేతికి తెలియదు, చిన్న కాలికి అది చాలా ఎక్కువవుతుంది. అసలు చీము తీసిన గాయాలకి చాలాసార్లు కట్టే అక్కర్లేదు.

గాయం నాకకుండా మెడ చుట్టూ పెట్టే గరాటు లాంటి కోన్ మాత్రం తప్పనిసరి. పాపం అనిపించి తీసేస్తారు. పిల్లి నాలుక మీద ఆకురాయి లాంటి ముళ్లుంటాయి, ఒక రాత్రిలో కుట్లు ఊడదీయగలదు. తిండి పెట్టేటప్పుడు మీరు ఎదురుగా కూర్చుని తీయొచ్చు, తిన్నాక మళ్లీ పెట్టాలి. లిట్టర్‌లో మట్టి గుళికలకి బదులు చింపిన కాగితం వెయ్యండి, లేకపోతే గాయంలో అంటుకుని గట్టిపడతాయి. ప్యాడ్ మీద కుట్లు మామూలు చర్మం మీది కుట్ల కంటే నెమ్మదిగా మానతాయి, అడుగు వేసిన ప్రతిసారీ ప్యాడ్ విచ్చుకుంటుంది కాబట్టి రెండు వారాలు ఒక గదిలో ఉంచండి. ఎముక అయితే నాలుగు నుంచి ఎనిమిది వారాలు, చిన్న పిల్లలకి ఇంకా తక్కువ.

డాక్టర్ దగ్గర చెయ్యి వెయ్యనివ్వకపోవడం గురించి. వెళ్లే ముందే ఫోన్ చేసి "ఇది కరుస్తుంది, గీరుతుంది" అని చెప్పండి. చాలామంది వెట్స్ ఇప్పుడు బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు ఇవ్వడానికి, భయం తగ్గించే గాబాపెంటిన్ అనే మందు రాస్తారు, మోతాదు బరువుని బట్టి వాళ్లే చెప్పాలి. పై కప్పు తెరుచుకునే బుట్ట అయితే మేలు, పిల్లిని బయటికి లాగకుండా పైనుంచే చూడొచ్చు. లోపల మీ పాత బట్ట, పైన తువ్వాలు కప్పండి. మత్తివ్వాల్సి రావచ్చు కాబట్టి ఎన్ని గంటల ముందు నుంచి తిండి ఆపాలో ఫోన్‌లోనే అడగండి. నీళ్లు ఆపొద్దు. మత్తంటే భయపడేవాళ్లుంటారు, నిజమే, ఏ మత్తూ నూటికి నూరుపాళ్లు సురక్షితం కాదు. కానీ నాలుగేళ్ల ఆరోగ్యమైన పిల్లికి, గుండె విని, పది నిమిషాల తేలిక మత్తిచ్చి పాదం సరిగ్గా చూడటం, నలుగురు మనుషులు అదిమి పట్టుకుని సగం సగం చూడటం కంటే మంచిది. నాకైతే ఇందులో రెండో ఆలోచన లేదు.

ఈ గొడవలో మిమ్మల్ని గానీ అది కరిచిందా? కరిస్తే వెంటనే సబ్బు, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు మీ డాక్టర్‌ని కలవండి. చేతి మీద పిల్లి కాటు చిన్నగా కనబడుతుంది, లోపల చీము పట్టడం మాత్రం చాలా మామూలు. రేబిస్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. పిల్లిని కుక్కో, తెలియని జంతువో కరిచి ఉండొచ్చనే అనుమానం ఉంటే, దాని రేబిస్ టీకా ఎప్పుడు వేశారో కాగితం వెంట తీసుకెళ్లండి, బూస్టర్ అవసరం పడొచ్చు.

ఇంటికొచ్చాక రాసిచ్చిన మందుల కాగితం మీద మూడు విషయాలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి: ఏం జబ్బని అనుకుంటున్నారు, ఏ మందు ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు చూపించాలి. మొదటిది రాయకపోతే అడగండి. "ఇన్ఫెక్షన్" అన్నది సగం సమాధానం, ఎక్కడి నుంచి వచ్చిన ఇన్ఫెక్షన్ అన్నది మిగతా సగం. మందు రెట్టింపు చేస్తే త్వరగా తగ్గుతుందని సొంతంగా పెంచకండి, ఎన్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మోతాదు మించితే పిల్లికి చూపు పోతుంది. నొప్పి మందు వాడుతుండగా వాంతులు అయినా, తిండి మానేసినా, నీళ్లు తాగకపోయినా మందు ఆపి ఫోన్ చేయండి. ఒక రోజంతా ఏమీ తినని పిల్లిని నొప్పి వల్లే కదా అని వదిలేయకూడదు, అలా రెండు మూడు రోజులు సాగితే లివర్‌లో కొవ్వు పేరుకుని అసలు దెబ్బ కంటే అదే పెద్ద సమస్యవుతుంది, లావు పిల్లుల్లో మరీ.

వారం పది రోజులకి గాయం మానకపోయినా, మానినట్టే మాని మళ్లీ తెరుచుకున్నా, ఇంకో యాంటీబయాటిక్ మార్చడం కాదు చేయాల్సింది. చీమును, అందులో ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే కల్చర్‌కి పంపడం, గాయం అంచు నుంచి చిన్న ముక్క బయాప్సీకి పంపడం, ఎఫ్ఐవీ, పిల్లుల ల్యుకీమియా వైరస్ అయిన ఎఫ్ఈఎల్‌వీ టెస్టులు, లోపల ముల్లు మిగిలిందేమో స్కాన్ చేయడం, వీటి గురించి అడగండి. ఇంకో డాక్టర్‌కి చూపించాలనుకుంటే పాత ఎక్స్‌రేలు, రిపోర్టులు, వాడిన మందుల పేర్లు అన్నీ అడిగి తీసుకోండి, అవి మీ పిల్లివి, ఇవ్వమని అడగడంలో తప్పేమీ లేదు.

మీ పిల్లి విషయంలో కాటే అని తేలితే, కరిచిన పిల్లి నుంచి ఎఫ్ఐవీ వచ్చే అవకాశం ఉంటుంది, ఆ టెస్ట్ ఇప్పుడు చేస్తే తేలదు, కాటు పడిన రెండు నెలల తర్వాత చేయించాలి. దానికి ఇంకా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించకపోయి ఉంటే పాదం పూర్తిగా మానాక అది కూడా మాట్లాడండి, మగ పిల్లుల కొట్లాటలు దాంతో బాగా తగ్గుతాయి. అప్పటిదాకా, కుంటడం ఆగి కోర్సు పూర్తయ్యేవరకూ, తలుపు దగ్గర ఎంత గోల చేసినా బయటికి వదలొద్దు.